నాడీకణాల మధ్య కనెక్షన్లు పుట్టుకతోనే నిర్ణయమైపోతాయా?

మీ ప్రశ్నలు రెండు. ఏ నాడీకణం దేనితో కలవాలో జన్యువులే నిర్ణయిస్తాయా? పెరిగేకొద్దీ పిల్లల మెదడులో సినాప్సులు (ఒక నాడీకణం నుంచి ఇంకోదానికి సంకేతం దాటే కూడళ్లు) తగ్గిపోవడం నష్టం కాదా? కొంతకాలం ల్యాబ్‌లో ఎలుక మెదడు కణాలు పెంచే పని చేశాను. చూసిందీ చదివిందీ కలిపి చెప్తాను.

గాజు పలక మీద వేసిన కొత్తలో న్యూరాన్ (నాడీకణం) గుండ్రంగా ఉంటుంది. తర్వాత నాలుగైదు పోగులు మొలుస్తాయి. ఒకటి రెండు రోజులకు వాటిలో ఒకటి మిగతావాటిని దాటి సాగిపోతుంది. అదే ఆక్సాన్, అంటే కణం నుంచి సంకేతాన్ని బయటికి మోసుకెళ్లే పోగు. దాని కొసను గ్రోత్ కోన్ అంటారు. మైక్రోస్కోపులో దాన్ని చూస్తూ కూర్చుంటే నాకు టైమే తెలిసేది కాదు. అరచేయిలా పరుచుకుని సన్నటి వేళ్లు చాపుతుంది, తడుముతుంది, ఒకవైపు ముడుచుకుని ఇంకోవైపు తిరుగుతుంది. గంటకు కదిలేది కొన్ని పదుల మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 1890లో స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ యి కహాల్ దీన్ని కనిపెట్టింది రంగు వేసిన, ప్రాణంలేని కణజాలంలో. కదలిక చూడకుండానే ఇది దారి వెతుక్కునే కొస అని ఎలా పోల్చుకున్నాడో!

దారి చూపేవి రసాయనాలు. నెట్రిన్లు చాలా ఆక్సాన్లను రప్పిస్తాయి, సెమాఫోరిన్లు ఎక్కువగా తరిమేస్తాయి. రోజర్ స్పెర్రీ అనే శాస్త్రవేత్త కప్ప కంటి నరం కోసి, కన్నును తలకిందులుగా తిప్పి పెట్టాడు. నరం మళ్లీ పెరిగి మెదడులో తన పాత చోట్లకే చేరింది. దాంతో ఈగ పైన ఉంటే కప్ప కిందికి దూకేది. అంటే అడ్రస్ వరకు చాలామటుకు జన్యువుల పనే.

తాకినంత మాత్రాన సినాప్స్ అయిపోదు. ఇటువైపు న్యూరెక్సిన్, అటువైపు న్యూరోలిజిన్ లాంటి ప్రోటీన్లు పట్టుకోవాలి, రెండు వైపులా సంకేతం పంపే, అందుకునే సరంజామా చేరాలి. మేం ఒక వైపుకు ఎరుపు, రెండో వైపుకు ఆకుపచ్చ రంగు పట్టించి, రెండూ పక్కపక్కన కనబడిన చుక్కలే లెక్కపెట్టేవాళ్లం. మొదటి వారంలో అక్కడొకటి ఇక్కడొకటి. మూడో వారానికి డెండ్రైట్ (సంకేతాలు అందుకునే పోగు) పొడవునా చుక్కలే. పక్కన ఆస్ట్రోసైట్లు (నాడీకణాలకు తోడుండే సహాయక కణాలు) లేకపోతే ఇవి బాగా తగ్గిపోతాయి.

ఏవి నిలుస్తాయన్నది మాత్రం వాడకాన్ని బట్టి. హ్యూబెల్, వీజల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనకు తొలి వారాల్లో ఒక కన్ను మూసి ఉంచితే, మెదడు దృష్టి భాగంలోని కణాలు దాదాపు అన్నీ తెరిచి ఉన్న కంటికే స్పందించాయి. పెద్ద పిల్లిలో అలా జరగలేదు. పిల్లల్లో ఒక కంటి చూపు మందగిస్తే, బాగున్న కంటికి ప్యాచ్ వేసే చికిత్స చిన్నప్పుడే మొదలుపెట్టమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. దయచేసి ఆలస్యం చేయకండి.

ఇక తగ్గడం సంగతి. హట్టెన్‌లోకర్ అనే శాస్త్రవేత్త లెక్కల ప్రకారం మనిషి మెదడు దృష్టి భాగంలో సినాప్సుల సాంద్రత 8 నెలల వయసుకు గరిష్ఠం. తర్వాత సుమారు 40 శాతం పోతాయి. నుదుటి భాగంలో ఈ కోత యవ్వనం దాకా సాగుతుంది. బలహీనమైనవాటిని మైక్రోగ్లియా అనే మెదడు రక్షణ కణాలు మింగేస్తాయి. ఇది నష్టం కాదనడానికి కండరమే తేలికైన ఉదాహరణ. ఎలుక పుట్టినప్పుడు ఒక్కో కండర తంతువు మీద అనేక ఆక్సాన్లు వాలి ఉంటాయి. రెండు వారాల్లో ఒకటి తప్ప మిగతావి తప్పుకుంటాయి. నిలిచిన ఆ ఒక్కటి అవి ఖాళీ చేసిన చోట్లలోకి కూడా పాకి, మరింత పెద్ద, బలమైన సినాప్స్‌గా తయారవుతుంది.