వాట్సాప్ బిల్లుకి డబ్బులు నిజంగా త్వరగా వస్తున్నాయా? 60,000 కట్టే ముందు ఒక లెక్క

విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక పాఠకుడు రాశారు. లారీలకి కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) తయారు చేసి రిపేర్లు కూడా చేసే వర్క్‌షాప్ ఆయనది, నెలకి ఓ 8 లక్షల పని ఖాతా మీదే పోతుంది. ఇదివరకు బిల్లులు కుర్రాడు బండి మీద తిరిగి ఇచ్చొచ్చేవాడు, ఈ జనవరి నుంచి సాఫ్ట్‌వేర్ పెట్టి క్యూఆర్ కోడ్‌తో సహా వాట్సాప్‌లో పంపుతున్నారు. పోయినేడాది సగటున 46 రోజులకి వచ్చిన డబ్బు ఇప్పుడు 31 రోజులకే వస్తోందట. ఆ సాఫ్ట్‌వేర్‌కి నెలకి 2,000 కడుతున్నారు, మూడేళ్లకి ఒకేసారి అయితే 60,000 అంటున్నారు, కట్టమంటారా లేకపోతే ఆ డబ్బు ఓడీలో, అంటే బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అప్పులో, వేసుకోమంటారా అని ప్రశ్న. ఏప్రిల్ 10 దాకా బిల్లుల షీటు కూడా పంపారు.

షీటు పంపడం చాలా మంచి పని చేశారండి, జవాబు అంతా అందులోనే ఉంది.

ముందు గిట్టుబాటు ఎక్కడో చూద్దాం. ఏడాదికి 96 లక్షల ఖాతా పని అంటే రోజుకి 26,300 దాకా, డబ్బు ఒక్క రోజు ముందొస్తే మీ ఓడీ అంత తగ్గుతుంది, మీరు చెప్పిన 12 శాతం వడ్డీకి ఏడాదికి 3,150 మిగులు. మూడేళ్ల ప్లాన్‌లో సాఫ్ట్‌వేర్‌కి ఏడాదికి 20,000 పడుతోంది కాబట్టి, కనీసం ఆరున్నర రోజులు ముందొస్తే గానీ పెట్టింది తిరిగి రాదు. 15 రోజులు ముందొస్తోందన్న మాట నిజమైతే ఏడాదికి 47,000 మిగులు, ఇంక ఆలోచించక్కర్లేదు. అందుకని అసలు ప్రశ్న త్వరగా వస్తోందా లేదా అని కాదు, ఆరున్నర రోజుల కంటే ఎక్కువ త్వరగా వస్తోందా అని.

ఇప్పుడు ఆ 31 సంగతి. జనవరి నుంచి మార్చి దాకా మీరు 84 బిల్లులు పంపారు, అందులో డబ్బు వచ్చినవి 60, ఆ 60 సగటే 31. మిగతా 24 బిల్లులు సగటులోకి రానే రాలేదు, ఎందుకంటే వాటికి ఇంకా రోజులు తేలలేదు. కానీ ఆగిపోయినవే కదండీ మొండి బాకీలు! మార్చి 20న పంపిన బిల్లుకి ఏప్రిల్ 10కి 21 రోజులే అయ్యాయి, ఆ వారం బిల్లుల్లో డబ్బు వచ్చినవి ఏవైనా 21 రోజుల్లోపు వచ్చినవే అయ్యుండాలి, లేటుగా కట్టేవాడికి లేటయ్యే టైమే ఇంకా రాలేదు. వచ్చిన డబ్బు మాత్రమే లెక్కపెడితే ఏ కొత్త పద్ధతైనా మొదటి మూడు నెలలు అద్భుతంగానే కనిపిస్తుంది, నేను చాలా షాపుల లెక్కల్లో ఇదే చూశాను, పాపం ఎవరూ కావాలని చేసేది కాదు.

కాబట్టి ఒక్క జనవరి బిల్లులే తీసుకున్నాను, అవి 30 ఉన్నాయి, అన్నిటికీ కనీసం 69 రోజులు గడిచాయి. 26 వచ్చాయి, 4 ఇంకా రాలేదు. వీటికి సగటు కంటే మీడియన్ చూడటం మేలు, అంటే బిల్లుల్ని రోజుల వరసలో పేర్చి మధ్యలో పడినదాన్ని చూడటం. రానివి ఎలాగూ వరస చివరికి పోతాయి, అవి 80 రోజులైనా 180 అయినా మధ్యది మారదు. అది 36 రోజులు వచ్చింది. దీన్ని 46తో పోల్చకూడదు, 46 ఏడాది పొడుగునా తీసిన సగటు. జనవరిలో మన దగ్గర సంక్రాంతి, ధాన్యం లోడ్లు, ఆ వెంటనే గుంటూరు యార్డుకి మిర్చి రాక, లారీలకి ఖాళీ ఉండదు, ఓనర్ల చేతిలో డబ్బు ఆడుతుంది, వానాకాలం ఆలస్యాలన్నీ కలిసిన సగటు పక్కన దీన్ని పెడితే పండగ చేసిన మేలు కూడా సాఫ్ట్‌వేర్ ఖాతాలో పడిపోతుంది. పోయినేడాది జనవరి మీడియన్ మీ షీటులోనే ఉంది, 42. అంటే 15 రోజుల తేడా కాస్తా 6 అయింది.

ఇంకో మెట్టు కూడా ఎక్కాను. రెండు జనవరుల్లోనూ బిల్లు ఉన్న పార్టీలు 18 మంది, ఒక్కొక్కరికీ అప్పటికీ ఇప్పటికీ తేడా తీశాను, ఇలా చేస్తే మంచి పార్టీలు పెరగడం వల్ల వచ్చిన మార్పు పక్కకి పోతుంది. సగటున 7 రోజులు తగ్గాయి. రాని నాలుగు బిల్లులకి 70 రోజులు అని వేశాను, నిజానికి అంతకంటే ఎక్కువే పడుతుంది కాబట్టి ఈ 7 కొంచెం ఉదారంగా వచ్చిన నంబరే. అయితే పార్టీ పార్టీకీ తేడా బాగా ఉంది, ఒకాయన 20 రోజులు తగ్గాడు, ఇంకొకాయన 8 రోజులు పెరిగాడు, ఆ చెదురుని కొలిచే స్టాండర్డ్ డీవియేషన్ 9 రోజులు. 9ని 18 వర్గమూలంతో భాగిస్తే 2.1, దాన్ని 2.11తో (18 మంది ఉన్నప్పుడు 95 శాతం నమ్మకానికి పట్టికలో ఉండే అంకె) గుణిస్తే నాలుగున్నర. 7కి అటూ ఇటూ నాలుగున్నర వేసుకుంటే, 95 శాతం నమ్మకంతో అసలు తగ్గుదల రెండున్నర నుంచి పదకొండున్నర రోజుల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఈ రేంజిలో సున్నా లేదు, కాబట్టి పార్టీలు ముందు కంటే త్వరగా కడుతున్న మాట గట్టిగానే చెప్పొచ్చు. మీకు కావాల్సిన ఆరున్నర మాత్రం రేంజి మధ్యలో కూర్చుంది, అంటే గిట్టుతుందో లేదో ఈ డేటాకి ఇంకా తెలీదు.

అందుకే 60,000 ఇప్పుడు కట్టొద్దు. నెలవారీగానే ఇంకో నాలుగు నెలలు నడపండి, మూడేళ్ల ప్లాన్‌తో పోలిస్తే నెలకి 333 ఎక్కువ, మొత్తం 1,300 చిల్లర, నిజం తెలుసుకోడానికి అది చాలా తక్కువ ఖర్చు. మీ ఖాతాలు 40 పైన ఉన్నాయన్నారు, 40 మంది తేడాలు వస్తే ఆ నాలుగున్నర కాస్తా 3 రోజులకి దిగుతుంది. ఈలోపు రిమైండర్ మెసేజ్ సగం పార్టీలకే పంపండి, ఎవరికి పంపాలో బొమ్మా బొరుసూ వేసి తేల్చండి, మీకు నచ్చినవాళ్లని ఎంచుకుంటే లెక్క పాడవుతుంది. డబ్బు రప్పించేది బిల్లా, గుర్తు చేయడమా అన్నది అలాగే తేలుతుంది, గుర్తు చేయడమే అయితే దానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు కదా.

సాఫ్ట్‌వేర్ అమ్మే సేల్స్ అబ్బాయి ఈ-ఇన్వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసిన బిల్లు, తప్పనిసరి అన్నాడని రాశారు. జీఎస్టీలో అది 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకి, మీరు చెప్పిన టర్నోవర్ ఏ ఏడాదీ కోటీ పాతిక దాటలేదు. పైగా వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపితే అది ఈ-ఇన్వాయిస్ అవదు.

దానికంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే నమోదు) చేయించుకోండి, ఫీజు లేదు. తయారీ, రిపేరు చేసేవాళ్లు కాబట్టి 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం మీకు వర్తిస్తుంది, అగ్రిమెంటు ఉన్నా సరే మీకు డబ్బు కట్టే గడువు 45 రోజులు మించకూడదు, లేకపోతే 15 రోజులే, దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ. ఆ ఉద్యమ్ నంబరు బిల్లు మీద ఉంటే పెద్ద ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల అకౌంటెంట్లు పట్టించుకుంటారు, గడువు దాటిన బిల్లుని కట్టేదాకా ఇన్‌కమ్ టాక్స్ లెక్కల్లో ఖర్చు కింద చూపించుకోలేరు గనక. పది లారీల్లోపు ఉండి లారీకింత అని లెక్కకట్టి టాక్స్ కట్టే చిన్న ఓనర్లకి మాత్రం ఆ భయం పనిచేయదు, వాళ్లకి మీ ఫోనే దిక్కు.

ఆగస్టులో షీటు మళ్లీ పంపండి. ఈసారి బిల్లు తేదీ పక్కన లారీ మీ గేటు దాటిన తేదీకి కూడా ఒక కాలమ్ పెట్టండి, బిల్లు రాయడమే వారం లేటైతే ఆ వారం ఇప్పటిదాకా ఎక్కడా లెక్కలోకి రాలేదు.