పెంగ్విన్ రక్త నమూనాకు విడిగా అనుమతి కావాలా?

ప్రశ్న: నేను సముద్ర పక్షుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. భారత అంటార్కిటికా యాత్రా బృందంలో నాకు చోటు దొరికింది. అక్కడి మన పరిశోధన కేంద్రమైన భారతికి అందుబాటులో ఉన్న తీరంలో 40 అడెలీ పెంగ్విన్‌లను పట్టి, ఒక్కొక్కదాని నుంచి కొద్దిగా రక్తం తీసి, అక్కడికక్కడే వదిలేయాలన్నది నా ప్రణాళిక. ఒక్క పక్షికీ ప్రాణహాని ఉండదు. యాత్రకు అనుమతి ఉన్నాక మళ్లీ విడిగా ఎందుకని తోటివారు అంటున్నారు. రాలిపడిన ఈకలు ఏరుకోవడానికైనా అనుమతి అక్కర్లేదు కదా?

జవాబు: విడిగా అనుమతి కావాలి. మీ తోటివారి మాట నమ్మి బయలుదేరవద్దు.

అంటార్కిటికా ఏ దేశపు పాలనలోనూ లేదని, అందుచేత అక్కడ మన చట్టం పనిచేయదని చాలామంది అనుకుంటారు. పార్లమెంటు 2022లో చేసిన భారత అంటార్కిటికా చట్టం ఆ సందేహానికి తావు లేకుండా చేసింది. భారత పౌరులు, మన యాత్రలో భాగంగా వెళ్లే విదేశీయులు, మన దేశంలో నమోదైన నౌకలు, విమానాలు అక్కడ కూడా ఈ చట్టానికి లోబడే ఉండాలి. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కార్యదర్శి అధ్యక్షతన ఉండే కమిటీ అనుమతులను పరిశీలించి ఇస్తుంది, షరతులను ఉల్లంఘిస్తే రద్దు కూడా చేస్తుంది. ఆ ఖండంలో అడుగుపెట్టడానికి ఇచ్చే అనుమతి వేరు, అక్కడి ప్రాణుల జోలికి వెళ్లడానికి ఇచ్చే అనుమతి వేరు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. ఒకవేళ మీరు మరో దేశపు యాత్రతో వెళ్తున్నట్లయితే, అంటార్కిటికా పర్యావరణ రక్షణ ఒప్పందమైన మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో సభ్యత్వం ఉన్న ఆ దేశం రాతపూర్వకంగా ఇచ్చే అధికార పత్రం చెల్లుతుంది.

ఇక ప్రాణహాని లేదన్న మీ వాదన. 1991 అక్టోబరు 4న సంతకాలు జరిగి 1998 జనవరి 14న అమల్లోకి వచ్చిన మాడ్రిడ్ ప్రోటోకాల్ రెండో అనుబంధం ప్రకారం, అక్కడి పక్షిని చంపడం, గాయపరచడమే కాదు, పట్టడం, చేతుల్లోకి తీసుకోవడం, వేధించడం కూడా అనుమతి లేకుండా చేయకూడని పనులే. రక్తం తీయడం దాకా పోనక్కరలేదు, పెంగ్విన్‌ను చేత్తో పట్టిన క్షణమే మీరు ఆ నిర్వచనంలోకి వస్తారు. గుడ్లు పొదిగే కాలంలోగాని, ఈకలు మార్చుకునే కాలంలోగాని కాలినడకన వెళ్లి కావాలని పక్షులను కలవరపెట్టడాన్ని కూడా అదే అనుబంధం హానికరమైన జోక్యంగా లెక్కిస్తుంది. మీ ఈకల ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. నేల మీది ఈకను ఏరడం చిన్న పనే కావచ్చు, కానీ దాని కోసం గుంపు మధ్యకు నడవాల్సి వస్తే, బెదిరిన తల్లి గుడ్డును వదిలి లేస్తే, కాచుకుని ఉన్న స్కువా పక్షి దాన్ని ఎత్తుకుపోతుంది. అందుచేత ఈకల సేకరణను కూడా దరఖాస్తులో చేర్చండి.

అన్నింటికంటే నన్ను ఆలోచింపజేసింది మీరు చెప్పిన 40 అన్న అంకె. శాస్త్ర పరిశోధన కోసం నమూనాలు సేకరించడానికి అనుమతి ఇవ్వవచ్చని అనుబంధం చెబుతూనే, ఆ అవసరానికి తప్పనిసరైన సంఖ్యను మించకూడదని షరతు పెట్టింది. 40 ఎందుకు, 25 ఎందుకు సరిపోవు అన్న ప్రశ్నకు మీ దరఖాస్తులో గణాంక శాస్త్రపరమైన సమాధానం ఉండాలి. ఈ సందర్భంలో అంతర్జాతీయ న్యాయస్థానం 2014 మార్చి 31న ఇచ్చిన తీర్పు ఒకటి మీరు తెలుసుకోవాలి. జపాన్ ప్రత్యేక అనుమతుల కింద ఏటా సుమారు 850 అంటార్కిటిక్ మింకీ తిమింగలాలను పరిశోధన కోసమని వేటాడేందుకు లక్ష్యం పెట్టుకోగా, ఆస్ట్రేలియా దావా వేసింది. ఆ కార్యక్రమాన్ని స్థూలంగా శాస్త్ర పరిశోధన అనవచ్చునని ఒప్పుకుంటూనే, దాని రూపకల్పన, అమలు చెప్పుకున్న లక్ష్యాలకు తగినట్టు లేవని న్యాయస్థానం 12 మంది న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరొకవైపుగా తేల్చింది. నమూనాల సంఖ్యను ఎలా నిర్ణయించారో స్పష్టత లేదని, ప్రాణాలు తీయకుండా అదే సమాచారం రాబట్టే మార్గాలను తగినంతగా పరిశీలించలేదని, సుమారు 3,600 మింకీ తిమింగలాలను చంపాక కూడా వెలువడిన శాస్త్రీయ ఫలితం పరిమితమేనని ఎత్తిచూపింది. ఆ వివాదం 1946 నాటి తిమింగల వేట ఒప్పందానికి సంబంధించినది, మీ దరఖాస్తును అది నేరుగా శాసించదు. అయినా పరిశోధన అనే పేరు ఒక్కటే చాలదనడానికి అంతకంటే బలమైన ఉదాహరణ నా ఎరుకలో లేదు. ఈకలతోనో, రెట్టలతోనో మీ ప్రశ్నకు జవాబు దొరకదా అని మిమ్మల్ని అడుగుతారు. అడగాలి కూడా.

స్థలం విషయంలోనూ జాగ్రత్త అవసరం. భారతి ఉన్న లార్సెమన్ కొండలు, వేర్వేరు దేశాల పనులను సమన్వయం చేసేందుకు గుర్తించిన ప్రత్యేక నిర్వహణ ప్రాంతం కిందికి వస్తాయి. అదే ఇంగ్రిడ్ క్రిస్టెన్సెన్ తీరంలో ఎంపరర్ పెంగ్విన్‌ల నివాసమైన అమాండా బే 169వ ప్రత్యేక రక్షిత ప్రాంతం. అటువంటి చోట అడుగుపెట్టడానికే అనుమతి ఉండాలి, దాని నిర్వహణ ప్రణాళిక షరతులు వర్తిస్తాయి. కాబట్టి మీరు పనిచేయబోయే చోటును మ్యాప్‌తో సహా చూపండి.

దరఖాస్తుకు మీ సంస్థ జంతు నైతికతా సంఘం ఆమోదాన్ని జతచేయండి. పక్షిని ఎవరు పడతారు, వారికి ఏ శిక్షణ ఉంది, ఎంత రక్తం తీస్తారు, ఎన్ని నిమిషాల్లో వదులుతారు అన్నవి వివరంగా రాయండి, ఎందుకంటే వీలైనంత తక్కువ నొప్పి, బాధ కలిగేలా ఆ పని జరగాలని అనుబంధమే నిర్దేశిస్తోంది. 2024 ఫిబ్రవరిలో అంటార్కిటికా ప్రధాన భూభాగం వైపు బర్డ్ ఫ్లూ చేరినట్టు నిర్ధారణ అయింది కాబట్టి, ఒక గుంపు నుంచి మరో గుంపుకు వెళ్లే ముందు బూట్లు, పరికరాలు ఎలా శుద్ధి చేస్తారో కూడా చెప్పండి. నమూనాలను మన దేశంలోకి తెచ్చే అనుమతి దీనితో కలిసి రాదు, దానికి బయలుదేరక ముందే విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

ఎన్ని ప్రాణులను పట్టారన్న లెక్కలను సభ్య దేశాలు పరస్పరం పంచుకుంటాయి. అందువల్ల ప్రతి పక్షినీ, తప్పించుకుపోయినదాన్ని కూడా, రోజూ రాసి పెట్టుకోండి. అనుమతి 40కి ఉండగా రెండు నమూనాలు పాడైతే, వాటి బదులు మరో రెండు పక్షులను పట్టే అధికారం మీకు రాదు. ఆ అవకాశం కావాలనుకుంటే కారణం చూపి ఇప్పుడే దరఖాస్తులో అడగండి.