మూడున్నరేళ్ళ బాబుకి ఆటిజం అన్నారు. ముందు ముందు వాడి జీవితం ఎలా ఉంటుంది?

చెల్లీ, మీరు రాసింది చదివి వెంటనే జవాబు రాయాలనిపించింది. బాబుకి మాటలు వస్తాయా, మామూలు బడికి వెళ్తాడా, మీ ఇద్దరి తర్వాత వాణ్ణి ఎవరు చూస్తారు అని అడిగారు. అత్తగారు ఉద్యోగం మానేయమంటున్నారని కూడా రాశారు. మా అమ్మాయికి ఇప్పుడు ఇరవై ఏళ్ళు. తనకి ఆటిజం అని మూడేళ్ళు నిండకముందే తెలిసింది. నేను డాక్టర్ని కాను. ఇంట్లో చూసిందీ, తిరిగి తెలుసుకున్నదీ చెప్తాను.

మాటలు వస్తాయా అన్నదానికి ఇప్పుడే ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఈ వయసులో ఒక్క మాట లేని పిల్లలు ఆరేడేళ్ళకి చక్కగా వాక్యాలు చెప్పడం చూశాను. పెద్దయ్యాక కూడా నాలుగైదు మాటల దగ్గరే ఉన్నవాళ్ళనీ చూశాను, వాళ్ళలో కొందరు ఇంట్లో అన్ని పనులూ చేసుకుంటారు. ఆర్నెల్లలో మాట్లాడిస్తామని గ్యారంటీ ఇచ్చే సెంటర్ ఏదైనా కనిపిస్తే అక్కడ డబ్బు కట్టొద్దు. స్పీచ్ థెరపిస్టుకీ, స్పెషల్ ఎడ్యుకేటర్‌కీ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, మొహమాటపడకుండా అడగండి. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే తగ్గిపోతుందని లక్షలు అడిగేవాళ్ళు మీకూ తగులుతారు. ఆటిజానికి అది ఆమోదించిన వైద్యం కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు దాన్ని క్లినికల్ ట్రయల్ దాటి వాడకూడదని చెప్తున్నాయి. ఆ డబ్బు దాచండి, బాబుకి పనికొచ్చే చోట్లు చాలా ఉన్నాయి.

మాట వచ్చేదాకా ఆగకుండా, తనకి ఏం కావాలో చెప్పే దారి ఒకటి వాడికి ఇప్పుడే చూపించండి. మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు దాహం వేస్తే నా దగ్గరికొచ్చి "నీళ్ళు కావాలా అమ్మా?" అనేది. ఇంటికొచ్చినవాళ్ళు అమ్మ మీద ఎంత ప్రేమో అని మురిసిపోయేవాళ్ళు. దాహం తనకే. మేం రోజూ తనని అలాగే అడుగుతాం కదా! ఆ మాట వినపడగానే గ్లాసు వస్తుంది, కాబట్టి గ్లాసు రావాలంటే ఆ మాటే అనాలని తను పట్టుకుంది. విన్నదాన్ని విన్నట్టే తిరిగి చెప్పే ఈ పద్ధతిని ఎకోలాలియా అంటారు. కొందరు దాన్ని ఆపాలని చూస్తారు గానీ, అది పిల్లలు భాషని పట్టుకునే ప్రయత్నమే. స్పీచ్ థెరపిస్టు మాకో చిట్కా చెప్పారు: ప్రశ్న అడగడం మానేసి, గ్లాసు చూపించి, తన తరఫున మనమే "నీళ్ళు కావాలి" అని, ఒక్క క్షణం ఆగి, ఇచ్చేయాలి. ఇంటిల్లిపాదీ అలాగే చేశాం. కొన్ని నెలలకి తను కూడా "కావాలి" అనడం మొదలుపెట్టింది.

బాబుకి ఇంకా ఏ మాటా లేదన్నారు కాబట్టి బొమ్మల కార్డులతో మొదలుపెట్టండి. నీళ్ళు, అన్నం, బాత్రూం, బయటికి, చాలు. ఈ చివరి కార్డు చాలా ముఖ్యం. ఇక చాలు అని చెప్పే దారి లేకే చాలామంది పిల్లలు చెయ్యి కొరుక్కుంటారు, తల బాదుకుంటారు. బొమ్మలకి అలవాటు పడితే మాట రాదేమోనని ఇంట్లో పెద్దవాళ్ళు భయపెడతారు. పరిశోధనల్లో అలా తేలలేదు, కొంతమందికి వీటివల్లే మాట ఊపందుకుంటుంది కూడా. కార్డులు దాటాక బొమ్మ నొక్కితే మాట పలికే, చెన్నైలో తయారైన అవాజ్ లాంటి యాప్‌లు ఉన్నాయి.

ఇంకో మాట. చెవి వినపడుతుందో లేదో చూసే బేరా పరీక్ష చేయించారా? మీరు ఆ సంగతి రాయలేదు. పిలిస్తే పలకడం లేదంటే చెవి సంగతి ముందు తేలాలి. చాలా జిల్లా ఆస్పత్రుల్లో పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా గుర్తించే కేంద్రం, డీఈఐసీ, ఉంటుంది, అక్కడ అడగండి. వివరంగా చూపించాలంటే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. 1984లో పెట్టారు, పాతవాళ్ళు ఇప్పటికీ ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. ఒక మనిషిలో ఆటిజం ఎంత ఉందో కొలవడానికి మన దేశంలో వాడే ఐశా అనే 40 అంశాల కొలమానం అక్కడే తయారైంది. మీరు దూరంలో ఉన్నా ఒకసారి వెళ్ళొస్తే ఇంటి దగ్గర ఏం చేయించాలో రాసిస్తారు.

అత్తగారి విషయం. ఫోన్ చూపించావు, నువ్వు ఉద్యోగానికి వెళ్ళావు, అందుకే బిడ్డ ఇలా అయ్యాడు అని అంటున్నారేమో. ఒకప్పుడు అమెరికాలో పెద్ద పెద్ద డాక్టర్లే తల్లి ప్రేమ చాలకే ఆటిజం వస్తుందని రాశారు. 1977లో కవలల మీద జరిగిన అధ్యయనంతో వంశపారంపర్యం ఎంత ఉందో బయటపడ్డాక ఆ వాదన కూలిపోయింది. ఫోన్ తగ్గించండి, మంచిదే, ఏ పిల్లాడికైనా మంచిదే. కానీ మీ వల్ల ఇది రాలేదు, ఈ మాట నమ్మండి. ఉద్యోగం మాత్రం మానొద్దు. దీనికి ఖర్చు ఒక ఏడాదిది కాదు, వాడి జీవితకాలానిది. పైగా పొద్దస్తమానం బిడ్డని చూస్తూ ఉన్న తల్లి మనసు ఎంత అలసిపోతుందో ఇంట్లో ఎవరికీ కనిపించదు. వీలైతే అత్తగారిని కూడా థెరపీకి తీసుకెళ్ళండి. మా అత్తగారు మొదట్లో వస కొమ్ము అరగదీసి నాలుక్కి రాసేవారు, మాటలొస్తాయని. థెరపిస్టు పక్కన కూర్చుని చూశాక మాలో అందరికన్నా ఆవిడే ఓపిగ్గా నేర్పించారు. నా ఉద్యోగం నిలబడిందంటే ఆవిడ వల్లే.

బడి గురించి ఎక్కువ రాయను, ఊరిని బట్టి మారుతుంది. మూడున్నరేళ్ళకి దాని బెంగ వద్దు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. 40 శాతం గానీ అంతకుమించి గానీ వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా, దగ్గర్లోని బడిలో గానీ స్పెషల్ స్కూల్లో గానీ ఉచిత చదువు హక్కు. మండలాల్లో సమగ్ర శిక్ష కింద ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉంటాయి. కొన్నిచోట్ల టీచర్లు ప్రాణం పెట్టి చేస్తారు, కొన్నిచోట్ల గది తాళం కూడా తియ్యరు. వెళ్ళి చూడండి. మా అమ్మాయి మామూలు బడిలో ఆరో తరగతి దాకా ఉంది, తర్వాత ఓపెన్ స్కూల్‌లో ఒక్కో సబ్జెక్టే రాస్తూ వచ్చింది.

బడి కంటే ఇంటి పనుల మీద నాకు పట్టుదల ఎక్కువ. అక్షరాలు ఎన్ని వచ్చినా, ఇరవై ఏళ్ళకి స్నానం ఇంకొకరు చేయించాల్సి వస్తే ఆ పిల్ల జీవితం ఇంకొకరి చేతుల్లోనే ఉంటుంది. మాకు స్పెషల్ ఎడ్యుకేటర్ నేర్పిన పద్ధతి వెనక నుంచి నేర్పడం. చొక్కాకి ఐదు బొత్తాలుంటే నాలుగు మనం పెట్టి, ఆఖరిది బిడ్డకి వదలాలి. అది పెట్టగానే పని పూర్తయిపోయిందన్న సంతోషం తనదే. అది వచ్చాక ఆఖరి రెండూ. అలా పైకి. మొదటి బొత్తంతో మొదలుపెడితే మధ్యలో విసుగొచ్చి ఏడుస్తారు, మనం కోప్పడతాం, ఇక చొక్కా చూస్తేనే పారిపోతారు. కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకుని వీధిలోకి పరిగెత్తే పిల్ల, మేం కరెంటు కుక్కర్ కొన్నాక ఇదే పద్ధతిలో అన్నం వండటం నేర్చుకుంది. మొదట మీట నొక్కడం మాత్రమే తన పని. తర్వాత నీళ్ళు గీత దాకా పోయడం, ఆ తర్వాత బియ్యం కడగడం. ఇప్పుడు ఆదివారం అన్నం తనే వండుతుంది, ఇంకెవరైనా ముట్టుకుంటే ఊరుకోదు.

మీది బాబు కాబట్టి ఇది మీకు అక్కర్లేదు గానీ, ఆడపిల్లల తల్లులు చదువుతుంటే వాళ్ళ కోసం రాస్తున్నాను. తొమ్మిదేళ్ళ నుంచే ప్యాడ్ అలవాటు చేయండి. నెలకి రెండు మూడు రోజులు ఊరికే పెట్టి ఇంట్లో తిరగనివ్వండి. ప్యాంటీ మీద ప్యాడ్ ఎక్కడ పెట్టాలో మార్కర్‌తో గీత గీయండి. మార్చడం, పేపర్లో చుట్టడం, చెత్తబుట్టలో వేయడం, చేతులు కడగడం, ఒక్కో దానికి ఒక్కో బొమ్మ గీసి బాత్రూం తలుపుకి లోపలివైపు అంటించండి. మా అమ్మాయి పెద్దమనిషి అయిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను. తనే మార్చుకుని, క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుక్క పెట్టి కూర్చుంది. తనకి పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినా అంత సంతోషపడేదాన్ని కాదు.

భవిష్యత్తు అన్నారు కదా, ఒకాయన గురించి చెప్పాలి. 1943లో లియో కానర్ అనే డాక్టర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతోనే ఆటిజం ప్రపంచానికి తెలిసింది. అందులో మొదటి పిల్లాడు డోనాల్డ్ ట్రిప్లెట్, అమెరికాలోని మిసిసిపీలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు. నాలుగేళ్ళు నిండకముందే అతన్ని ఒక సంస్థలో వదిలెయ్యమన్నారు, తల్లిదండ్రులు వదిలారు, ఏడాదికి వెళ్ళి మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నారు. అతను కాలేజీ చదివాడు, ఊళ్ళో బ్యాంకులో దశాబ్దాల పాటు పనిచేశాడు, 27 ఏళ్ళకి కారు నేర్చుకున్నాడు, దేశాలు తిరిగాడు, గోల్ఫ్ ఆడాడు. అమ్మానాన్నలు పోయాక కూడా అదే ఇంట్లో బతికి 2023లో, 89 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. అవును, వాళ్ళు ఉన్నవాళ్ళు, ఆ బ్యాంకు తల్లి తరఫువాళ్ళదే. మన పిల్లలందరికీ అలా జరుగుతుందని నేను చెప్పను. నేను పట్టుకున్నది వేరే: ఆ ఊరంతటికీ అతను తెలుసు. వింతగా మాట్లాడినా తమ మనిషి అనుకున్నారు, తల్లిదండ్రులు లేని సుమారు నలభై ఏళ్ళూ అదే అతన్ని కాపాడింది.

అందుకే బాబుని ఇంట్లో దాచొద్దు. కిరాణా కొట్టుకి, గుడికి, పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళండి. జనం, చప్పుడు ఎక్కువైతే మధ్యలో లేచి వచ్చేయండి, ఎవరేమనుకున్నా సరే. మా వీధి చివర జిరాక్స్ షాపు ఆయన మా అమ్మాయిని చిన్నప్పటి నుంచి ఎరుగు. తనకి కాగితాల అంచులు సమానంగా సర్దడం ఇష్టమని గమనించి, ఒకరోజు ఆయనే స్పైరల్ బైండింగ్ నేర్పించనా అని అడిగారు. ఇప్పుడు రోజూ పొద్దున మూడు గంటలు అక్కడ పనిచేస్తుంది, నెలకి జీతం తెచ్చుకుంటుంది. ఒక్క పేజీ వంకర పోదు. పరీక్షల సీజన్‌లో రద్దీ పెరిగితే చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని లోపలి బల్ల దగ్గర కూర్చుంటుంది, ఆయన ఒప్పుకున్నారు.

మీ తర్వాత ఎవరు అన్న ప్రశ్నకి మా దగ్గర కూడా పూర్తి జవాబు లేదు, సగం ఉంది. కాగితాల సగం ఇది. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) ముందు తీసుకోండి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం ఉన్నవాళ్ళకి కూడా వర్తిస్తుంది. దాని కింద నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీలకి కూడా కొంత ఇస్తుంది. ఇంకమ్ ట్యాక్స్ పాత పద్ధతిలో కడుతుంటే వైకల్యం ఉన్న బిడ్డ పోషణకి 75,000 మినహాయింపు, 80 శాతం గానీ అంతకుమించి గానీ వైకల్యం ఉంటే 1,25,000. బిడ్డకి 18 నిండాక చట్టప్రకారం మనం దానంతటదే గార్డియన్లం కాము. కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి, మేం పెట్టుకున్నాం. ఆస్తి నేరుగా బిడ్డ పేర రాయకుండా, వకీలుతో మాట్లాడి ట్రస్టు ద్వారా ఇవ్వడం మేలు.

మనుషుల సగం నెమ్మదిగా కడుతున్నాం. థెరపీ సెంటర్ బెంచీల మీద పరిచయమైన మేం కొన్ని కుటుంబాలం ఒకరి పిల్లల్ని ఒకరి ఇంట్లో ఒక రాత్రి ఉంచి అలవాటు చేస్తున్నాం. పెద్దయ్యాక అందరూ ఒకే ఇంట్లో, ఒక కేర్‌టేకర్‌తో ఉండగలిగితే బాగుంటుందని మా కోరిక. స్థలం ఇంకా దొరకలేదు. మా అబ్బాయికి అక్క అంటే ప్రాణం, అయినా నువ్వే చూసుకోవాలి అని వాడితో మేం ఎప్పుడూ అనలేదు. ఒక్కటి బతిమాలుతున్నాను, వీణ్ణి చూసుకోవడానికని మాత్రం రెండో బిడ్డని కనొద్దు. మీకు ఇంకో బిడ్డ కావాలనిపిస్తే అది వేరే సంగతి.

మీరు ఏ జిల్లానో రాయండి. అక్కడ సదరం స్లాట్ ఎలా పెట్టుకోవాలో, భవిత కేంద్రంలో ఎవరిని కలవాలో నాకు తెలిసిన తల్లుల్ని అడిగి చెప్తాను. బేరా రిపోర్టు వచ్చాక అది కూడా చెప్పండి.