పసిఫిక్ తీరం నుంచి డెత్ వ్యాలీకి: అమ్మానాన్నలతో ఐదు రోజుల కారు ప్రయాణం

కాలిఫోర్నియాకు వచ్చి ఏడాది కూడా నిండని ఒక యువజంట మొన్న మా ఇంటికి వచ్చి, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను డిసెంబరు సెలవుల్లో తీరం వెంట తిప్పి, అటునుంచి అటే డెత్ వ్యాలీ ఎడారి చూపించి తీసుకురావడానికి మూడు రోజులు సరిపోతాయా అని అడిగారు. సరిపోవు. శాన్ హోసే నుంచి బయలుదేరేవారు, అందులోనూ పెద్దవాళ్లను వెంటబెట్టుకొని వెళ్లేవారు, ఐదు రోజులు, నాలుగు రాత్రులు కేటాయించుకోవాలి. మ్యాపులో కనిపించే మైళ్లను లెక్కవేసి బయలుదేరడమే కొత్తవారు చేసే పొరపాటు. ఈ దారిలో లెక్క వేసుకోవలసినవి పగటి వెలుతురు ఎన్ని గంటలుంటుంది, దారి ఎన్ని అడుగులు ఎక్కి దిగుతుంది, పెట్రోలు బంకుకూ బంకుకూ మధ్య దూరమెంత అన్నవే.

మొదటి రోజు మాంటరే మీదుగా ఒకటో నంబరు హైవే పట్టుకొని బిగ్ సర్ కొండల అంచున క్యాంబ్రియా వరకు వెళ్తారు. మాంటరే నుంచి క్యాంబ్రియాకు దాదాపు 100 మైళ్లే అయినా, ఎక్కడా ఆగకపోయినా మూడు గంటలకు తక్కువ పట్టదు. ఒకపక్క కొండ, మరోపక్క సముద్రం, మధ్యలో అటొక వరుస, ఇటొక వరుస మాత్రమే ఉన్న రోడ్డు. మలుపులు పెద్దవాళ్లకు కడుపులో తిప్పుతాయి కాబట్టి తేలికగా తినిపించి, నిమ్మకాయో అల్లం మురబ్బానో చేతికందేలా ఉంచండి. డిసెంబరులో సూర్యుడు ఐదు గంటల లోపే అస్తమిస్తాడు. 1932లో కట్టిన బిక్స్‌బీ వంతెనను మధ్యాహ్నానికి ముందే దాటేలా బయలుదేరితే, శాన్ సిమియన్ దగ్గర పియెద్రాస్ బ్లాంకాస్ ఒడ్డున ఏనుగు సీళ్లను వెలుతురు ఉండగానే చూడవచ్చు. ఇసుకలో పెద్ద పెద్ద బస్తాల్లా పడి ఉండే ఆ జంతువులను చూడటానికి టికెట్టు లేదు. మరొక మాట: ఈ రోడ్డు కొండచరియలు విరిగిపడి తరచుగా మూతపడుతుంది. 2017 మే నెలలో మడ్ క్రీక్ దగ్గర కొండ జారి మూతపడిన దారి తిరిగి తెరుచుకునేసరికి 2018 జులై వచ్చింది. అందుచేత హోటలు బుక్ చేసే ముందు ఒకసారి, బయలుదేరే రోజు ఉదయం మరొకసారి, రాష్ట్ర రవాణా శాఖ వారి క్విక్‌మ్యాప్‌లో దారి తెరిచి ఉందో లేదో చూసుకోండి. మూసి ఉంటే 101 హైవే మీదుగా వెళ్లి, క్యాంబ్రియా నుంచి ఉత్తరంగా వీలైనంత దూరం వచ్చి చూడవచ్చు.

ఆ రోడ్డు మీద మన అలవాటు ఒకటి మానుకోవాలి. ముందు బండి నెమ్మదిగా పోతోందని హారన్ కొట్టి మలుపులో దాటే పద్ధతి ఇక్కడ ప్రాణాల మీదికి తెస్తుంది. పసుపు గీత తెగి తెగి ఉన్నచోట, ఎదురుగా దారి స్పష్టంగా కనిపించినప్పుడే దాటాలి. అలాగే మీరే నెమ్మదిగా నడుపుతూ ఉంటే, వెనుక ఐదు బండ్లు చేరగానే పక్కకు తీసి దారివ్వడం కాలిఫోర్నియాలో చట్టం. దానికోసమే రోడ్డు పక్కన విశాలమైన జాగాలు వదిలి ఉంటారు. ఇక లైసెన్సు విషయం. చూడటానికి వచ్చినవారు మన దేశపు లైసెన్సుతో నడపవచ్చు గాని, ఉద్యోగానికో కాపురానికో వచ్చి ఇక్కడ నివాసం ఏర్పరచుకున్నవారు 10 రోజుల్లో కాలిఫోర్నియా లైసెన్సు తీసుకోవాలి.

రెండో రోజు చూసేది తక్కువ, నడిపేది ఎక్కువ. పాసో రోబెల్స్ మీదుగా బేకర్స్‌ఫీల్డ్, అక్కడి నుంచి టెహాచపి కనుమ ఎక్కి దిగి రిడ్జ్‌క్రెస్ట్; మొత్తం 250 మైళ్ల వరకు ఉంటుంది. బేకర్స్‌ఫీల్డ్‌లో పంజాబీలు ఎంతోకాలంగా స్థిరపడి ఉన్నారు కాబట్టి వేడి రొట్టె, పప్పు దొరుకుతాయి. ఆ తరువాత మన భోజనం మీద ఆశ పెట్టుకోవద్దు. పులిహోర రెండు రోజులు నిలుస్తుంది గాని, పెరుగన్నం కలిపి తీసుకువెళ్లకండి. పెరుగు విడిగా ఐస్ పెట్టెలో ఉంచి, అన్నం రాత్రి బసలో వండుకోవడం మేలు. గదిలో వండుకోనిస్తారో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. రిడ్జ్‌క్రెస్ట్‌లో రాత్రి ఉండి, ఉదయం ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, తాగేనీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన కొని డిక్కీలో పెట్టండి. ఎడారి లోపల మూడు చోట్ల పెట్రోలు దొరుకుతుంది గాని, ధర చాలా ఎక్కువ.

మూడో రోజు ట్రోనా మీదుగా పానమింట్ లోయలోకి దిగి, మళ్లీ 4,956 అడుగుల టౌన్ పాస్ ఎక్కి, అవతల సముద్రమట్టం దాకా ఒకే వాలులో దిగుతారు. బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగితే బ్రేకులు కాలి వాసన వస్తుంది. గేరు తగ్గించి ఇంజను పట్టుతోనే దిగాలి.

పన్నెండేళ్ల కిందట ఏప్రిల్ చివర్లో మేము మొదటిసారి వెళ్లినప్పుడు, ఫోను చూపిన అడ్డదారిని నమ్మి ఒక మట్టిరోడ్డులోకి తిప్పాను. నాలుగు మైళ్లు పోయేసరికి పదునైన రాయి కోసి వెనుక టైరు పక్కభాగం చీలిపోయింది. డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు, గాలికొట్టే చిన్న మిషను, ఒక జిగురు సీసా మాత్రమే ఉన్నాయి. చీలిన టైరుకు అవి పనికిరావు. ఫోనుకు సిగ్నల్ లేదు. మా అత్తయ్యగారు వెనుక సీటులో కూర్చొని తడిగుడ్డతో మా చిన్నదాని ముఖం తుడుస్తూనే ఉన్నారు. గుడ్డ ఐదు నిమిషాలకొకసారి ఆరిపోయేది. రెండున్నర గంటల తరువాత ఒక జీపు వచ్చింది కాబట్టి బయటపడ్డాము. ఆ రోజు నుంచి అద్దె కారు తాళాలు తీసుకోగానే ముందు స్టెప్నీ ఉందో లేదో చూస్తాను, దారి అంతా కాగితం మ్యాపులో గీసి పెట్టుకుంటాను. అద్దె ఒప్పందాలు సాధారణంగా మట్టిరోడ్లను ఒప్పుకోవు, అక్కడ జరిగిన నష్టం మన నెత్తిమీదే పడుతుంది. బండి ఆగిపోతే మాత్రం దాన్ని వదిలి నడుచుకుంటూ పోవద్దు. మనిషికన్నా బండి తొందరగా కనబడుతుంది, నీడ కూడా ఇస్తుంది.

రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్లం, మాకు ఎండ కొత్తా అనుకొని వేసవిలో వెళ్లేవారున్నారు. దయచేసి వెళ్లవద్దు. 1913 జులై 10న డెత్ వ్యాలీ నడుమనున్న ఫర్నేస్ క్రీక్‌లో 134 ఫారన్‌హీట్, అంటే 56.7 సెల్సియస్ నమోదైంది; ఇప్పటికీ జులై పగటి వేడి సగటున 117 ఉంటుంది. సముద్రపు తేమ అంతా మధ్యలోని పర్వతశ్రేణుల మీదే కురిసిపోవడంతో ఇక్కడికి వచ్చేది పొడిగాలి. కోస్తాలో ఉక్కపోత మనల్ని ముందే హెచ్చరిస్తుంది; ఇక్కడ చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది, వడదెబ్బ తగిలాక గాని తెలియదు. డిసెంబరులో పగలు 65 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది, రాత్రి 40 కిందికి పడిపోతుంది. కాబట్టి శాలువలు, స్వెటర్లు తప్పవు. డెత్ వ్యాలీ ఒక జాతీయ పార్కు; దాని లోపల ఆసుపత్రి లేదు కనుక బీపీ, షుగరు మందులు, బీమా కాగితాలు చేతిసంచీలో ఉండాలి. ప్రవేశ రుసుము బండికి ఏడు రోజులకు 30 డాలర్లు. నగదు తీసుకోరు, కార్డు కావాలి.

నాలుగో రోజు ఎక్కడికీ పరుగెత్తకండి. ఉదయం జబ్రిస్కీ పాయింట్ దగ్గర సూర్యోదయం చూసి, ఫర్నేస్ క్రీక్ నుంచి 17 మైళ్లు దక్షిణంగా బ్యాడ్‌వాటర్‌కు వెళ్లండి. సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన ఉన్న ఆ తెల్లని ఉప్పు నేల మీద నిలబడి వెనక్కి తిరిగితే, కొండరాతి మీద బాగా పైన ‘సముద్రమట్టం’ అని ఇంగ్లీషులో రాసిన చిన్న పలక కనిపిస్తుంది. మా అత్తయ్యగారు చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకొని దాన్ని చాలాసేపు చూసి, మొన్న మనం కాళ్లు తడుపుకున్న నీళ్లు అంత ఎత్తునుండాలా అని అడిగారు. మధ్యాహ్నం హార్మొనీ బోరాక్స్ వర్క్స్ అనే పాత బోరాక్స్ ఖనిజపు కార్ఖానా దగ్గర, సరుకు మోసిన పాత బండ్లు చూపించండి. 1880ల్లో కంచరగాడిదలు, గుర్రాలు కలిసిన 20 జంతువుల జట్టు బోరాక్స్ బండ్లు లాగుతూ, వెనుక 1,200 గ్యాలన్ల నీళ్లతొట్టి తగిలించుకొని, 165 మైళ్ల దూరంలోని మొహావె రైలుస్టేషనుకు పది రోజులు నడిచేది. రాత్రి ఆకాశం కోసం పంచాంగం చూసి అమావాస్యకు దగ్గరగా తేదీలు పెట్టుకోండి. ఇసుక దిబ్బల దగ్గర లైట్లు ఆర్పి కూర్చుంటే కృత్తికలు, మృగశిర పెద్దవాళ్లే మీకు చూపిస్తారు.

తిరుగు ప్రయాణం ఒకే రోజు ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది. సియెరా పర్వతాలను దాటే టయోగా కనుమ చలికాలంలో మూసి ఉంటుంది కనుక మళ్లీ బేకర్స్‌ఫీల్డ్ మీదుగానే రావాలి. వానలు పడిన తరువాత బేకర్స్‌ఫీల్డ్ ఉన్న ఆ మైదానంలో ట్యూలీ అనే దట్టమైన పొగమంచు కమ్ముతుంది, కొద్ది గజాల దూరంలోని బండి కూడా కనబడదు. అందుకని ఎడారి నుంచి తెల్లవారగానే బయలుదేరి, మైదానాన్ని మంచు విడిచాక మధ్యాహ్నం దాటండి. మంచు వీడకపోతే డిమ్ లైట్లు వేసుకొని తదుపరి ఎగ్జిట్‌లో దిగి, ఏదైనా బంకు ఆవరణలో ఆగండి. రోడ్డు అంచున మాత్రం ఆపకండి.