మానేరు ఒడ్డున ఏమొస్తున్నదో తర్వాత, ముందు మీ అగ్రిమెంట్ తారీఖు చూడండి

ప్రశ్న: వకీల్ సాబ్, మాది కరీంనగర్. 2019 జూన్‌లో మానేరు దిక్కు నాలుగు గుంటల జాగ, అంటే 484 గజాలు, గజం 9 వేల లెక్కన కొనడానికి వంద రూపాయల బాండ్ పేపర్ మీద అగ్రిమెంట్ రాసుకున్నం. అడ్వాన్స్ 12 లక్షలు ఇచ్చిన, అందులో 7 లక్షలు బ్యాంకు నుంచి, 5 లక్షలు నగదు. మా అమ్మ బంగారం కుదువబెట్టి తెచ్చిన పైసలవి, ఆ రశీదు ఉన్నది. సర్వే చేయించి హద్దులు చూపించినంక మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ అని రాసుకున్నం. అంతలో కరోనా వచ్చింది, సర్వే కాలేదు. ఇప్పుడేమో మా దిక్కు ఏదో చాలా పెద్ద ప్రాజెక్టు వస్తున్నదంటున్నరు. ఎవరిదో తెల్వదు. కొందరు స్టార్ హోటల్ అంటున్నరు, కొందరు మాల్ అంటున్నరు, హైదరాబాద్ బండ్లు వచ్చి చూసి పోతున్నయి, ఒకరోజు డ్రోన్ ఎగిరింది. గజం 40 వేలు పలుకుతున్నది. అమ్మినాయన 2023 ఆగస్టు 19న ఇంక ఆ జాగ సంగతి మర్చిపో, నీ పైసలు నీకిస్తా అని వాట్సాప్‌లో పెట్టిండు, పైసలు కూడా ఇయ్యలేదు. అప్పటి ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసిన, స్క్రీన్‌షాట్ మాత్రం ఉన్నది. తెలిసిన బ్రోకర్ ఒకాయన, అగ్రిమెంట్ వెనకాల 2024లో ఇంకో లక్ష ఇచ్చినట్టు రసీదు రాయిద్దాం, అప్పుడు టైం బార్ కాదు అంటున్నడు. ఆ ప్రాజెక్టు ఏంది, గవర్నమెంట్ తీసుకుంటే నాకెంత వస్తది, నేనేం చేయాలె?

జవాబు: మీరు మూడు పేజీలు రాసిన్రు, అందులో రెండున్నర పేజీలు ఆ ప్రాజెక్టు గురించే. కేసు మొత్తం నిలబడేది పడిపోయేది మాత్రం మీరు మధ్యలో ఒక్క లైన్‌లో రాసి వదిలేసిన ఆ ఆగస్టు మెసేజ్ మీద. కాబట్టి అక్కడి నుంచే మొదలు పెడతా.

అగ్రిమెంట్ ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమని కోర్టుకు పోవాలంటే లిమిటేషన్ చట్టం (దావా వేయడానికి గడువు చెప్పే చట్టం) 54వ ఆర్టికల్ కింద మూడేండ్లు టైం. ఆ మూడేండ్లు ఎప్పటి నుంచి అనేదానికి రెండు దారులున్నయి. అగ్రిమెంట్‌లో ఫలానా తారీఖు లోపల అని ఉంటే ఆ తారీఖు నుంచి, తారీఖు లేకపోతే అవతలాయన చేయను అన్నట్టు మీకు తెలిసిన రోజు నుంచి. తారీఖు అంటే క్యాలెండర్‌లో ఉన్న ఖచ్చితమైన తారీఖే అని 2009లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ చెప్పింది. మీ అగ్రిమెంట్‌లో తారీఖు లేదు, "సర్వే అయి హద్దులు చూపించినంక" అని ఉన్నది, కాబట్టి మీరు రెండో దారిలో ఉన్నరు. ఆయన కాదన్నది 2023 ఆగస్టు 19న, మూడేండ్లు నిండేది 2026 ఆగస్టు 19న. అంటే మీ కేసు ఇంకా బతికే ఉన్నది, కానీ మిగిలినవి కొన్ని నెలలే.

చాలా అగ్రిమెంట్లలో ఉండే "ఆరు నెలల లోపల" అన్న మాటే మీదాంట్లో కూడా ఉంటే కథ వేరే ఉండేది. 2019 డిసెంబర్ నుంచి లెక్క మొదలయ్యేది, కరోనా కోసమని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసిన కాలం, 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా, పక్కన పెట్టినా సరే 2024 ఆఖరుకే తలుపు మూసుకుపోయేది. డాక్యుమెంట్ రైటర్ అలవాటు ప్రకారం ఆరు నెలలు రాయకపోవడం మీ అదృష్టం, మీ జాగ్రత్త మాత్రం కాదు.

అవతలి వకీలు ఊరికే ఉండడు. సర్వే 2021లోనో 2022లోనో అయిపోయింది, హద్దులు మా క్లయింట్ చూపించిండు, అక్కడి నుంచి మూడు నెలలు కలిపి లెక్క చూడండి, ఎప్పుడో దాటిపోయింది అంటడు. సంఘటనను పట్టి తారీఖు తేల్చొచ్చు అని చెప్పిన తీర్పులు కూడా ఉన్నయి, అవి తీసి చూపిస్తడు. దానికి మీ దగ్గర కాగితం ఉండాలె. ఈ వారమే సర్వే ఆఫీసులో ఆర్‌టీఐ పెట్టండి, ఆ సర్వే నంబర్ మీద 2019 జూన్ నుంచి ఇప్పటిదాకా ఎవరైనా హద్దుల కోసం దరఖాస్తు చేసిన్రా, చేస్తే సర్వేయర్ ఎప్పుడు పోయిండు, పంచనామా కాపీ ఇవ్వండి అని. అట్లాంటి దరఖాస్తే రాలేదు అని రాతపూర్వకంగా జవాబు వస్తే సగం గెలిచినట్టే.

ఇప్పుడు ఆ బ్రోకర్ సంగతి. ఆయన ఫోన్ ఎత్తకండి. 2024లో లక్ష ఇచ్చినట్టు రసీదు రాస్తే ఏమైతదో ఆలోచించిన్రా? 2023లోనే కాదన్న మనిషి 2024లో లక్ష తీసుకొని సంతకం పెట్టిండా అని అవతలి వకీలు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న అదే వస్తది. మీ కేసును బతికించే నిజమైన మెసేజ్‌ను మీరు సృష్టించిన అబద్ధపు రసీదే చంపుతది. పైగా సంతకం ఆయనది కాదు అని చేతిరాత ఎక్స్‌పర్ట్‌కు పంపమని పిటిషన్ వేస్తడు, రిపోర్టు వచ్చినంక సివిల్ దావా పోయి క్రిమినల్ కేసు మొదలైతది. భారతీయ న్యాయ సంహిత 338 సెక్షన్‌లో పైసలు ముట్టినట్టు రసీదును ఫోర్జరీ చేయడం కూడా వస్తది, శిక్ష పదేండ్ల దాకా లేదా యావజ్జీవం, దాన్ని అసలుదన్నట్టు కోర్టులో పెడితే 340. పాత తారీఖు బాండ్ పేపర్ తెస్తా అని కూడా అంటడు, ఆ పేపర్‌కు సీరియల్ నంబర్ ఉంటది, పేపర్ అమ్మిన స్టాంప్ వెండర్ రిజిస్టర్‌లో ఎవరికి ఎప్పుడు అమ్మిండో ఉంటది, పట్టుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. బ్రోకర్ జైలుకు పోడు, రసీదును కోర్టులో పెట్టే దావా కింద సంతకం మీదే ఉంటది. అవసరమే లేని మందు తాగి చచ్చినట్టుంటది.

ఇంకొకరు ఎవరన్నా పోలీస్ స్టేషన్‌కు పోదాం, చీటింగ్ కేసు పెట్టి కూసోబెడదాం అంటే అది కూడా వద్దు. స్టేషన్ చుట్టూ తిరిగేసరికి ఆగస్టు దాటుతది, పోలీసు ఫిర్యాదుతో సివిల్ లిమిటేషన్ ఒక్క రోజు కూడా ఆగదు. లీగల్ నోటీసు కూడా అంతే, నోటీసు ఇస్తే టైం ఆగుతదని జనానికి ఒక భ్రమ ఉన్నది. ఆగదు. కోర్టులో దావా దాఖలు చేసినప్పుడే ఆగినట్టు.

ఫోన్ విషయం. అసలు ఇంత ఖరీదైన జాగ గురించి వచ్చిన ఒకే ఒక్క మెసేజ్ ఉన్న ఫోన్‌ను మూడు నాలుగు వేల డిస్కౌంట్ కోసం ఎక్స్ఛేంజ్‌లో ఎట్లా ఇచ్చిన్రండి? స్క్రీన్‌షాట్ అంటే బొమ్మ, ఎవరైనా తయారు చేయొచ్చు అంటరు. భారతీయ సాక్ష్య అధినియం 63 సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలె, అందులో ఏ ఫోన్, ఏ నంబర్, హ్యాష్ వ్యాల్యూ (ఫైల్ మారలేదని చూపించే కోడ్), అన్నీ రాయాలె. అదే నంబర్‌తో కొత్త ఫోన్‌లో వాట్సాప్ వేసుకున్నప్పుడు పాత చాట్ బ్యాకప్ దిగిందా చూడండి, దిగి ఉంటే ఆ ఫోన్‌ను ఇంక ముట్టకండి, రిపేర్‌కు ఇయ్యకండి, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టండి. బ్యాకప్ లేకపోతే నోటీసులో ఆ మెసేజ్‌ను తారీఖుతో సహా రాద్దాం. ఆయన ఏం జవాబు ఇచ్చినా పనికొస్తది, చాలామంది వకీళ్లు తొందర్లో "అవును, అప్పుడే రద్దు చేసినం" అని జవాబిచ్చి మనకు తారీఖు ఒప్పేసుకుంటరు.

టైం సరిపోయింది అనుకుందాం, అంతటితో గెలవరు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 16(సి) ప్రకారం మీరు మొదటి నుంచి ఇప్పటిదాకా మిగతా పైసలు కట్టడానికి సిద్ధంగా ఉన్నరని చూపించాలె. ధర 43,56,000, అడ్వాన్స్ పోను 31,56,000. ఇది మీ దగ్గర నగదుగా బీరువాలో ఉండాలని కాదు, కానీ తెచ్చే శక్తి ఉన్నదని చూపించే కాగితం ఉండాలె, బ్యాంకు స్టేట్‌మెంట్, ఎఫ్‌డీ, చిట్టీ పాస్‌బుక్, లోన్ శాంక్షన్ లెటర్, ఐటీ రిటర్న్, ఏదైనా. ఆరేండ్లు చప్పుడు చేయకుండ ఉండి రేటు 40 వేలు అయినంక లేచిండు అని అవతలోళ్లు అంటరు, ఆ మాటకు కోర్టులో బరువు ఉంటది, ధరలు ఎగబాకే కాలంలో గడువులను తేలిగ్గా తీసుకోవద్దని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అదే సమయంలో రేటు పెరిగింది కాబట్టి ఇయ్యను అనే హక్కు అమ్మినాయనకు కూడా లేదు. ఈ స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి వచ్చిన 2018 సవరణ తర్వాత రాసుకున్న అగ్రిమెంట్ కాబట్టి, మీరు షరతులన్నీ నిరూపిస్తే జడ్జి గారి దయ మీద ఆధారపడే పరిస్థితి మునుపటంత లేదు. అందుకే 2019 నుంచి మీరు ఆయనకు సర్వే చేయించు అని పంపిన ప్రతి మెసేజ్, ప్రతి కాల్ రికార్డ్ వెతకండి.

5 లక్షల నగదు గురించి ముందే చెప్తున్న, తర్వాత నన్ను అనొద్దు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక బెంగళూరు కేసులో, రెండు లక్షలు అంతకన్నా ఎక్కువ నగదు ఇచ్చినమని దావాలో రాస్తే కోర్టు ఆ సంగతి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకు తెలియజేయాలని చెప్పింది. జాగ అడ్వాన్స్ నగదుగా తీసుకున్నందుకు పెనాల్టీ భారం ఎక్కువగా తీసుకున్నాయన మీద పడ్తది, కానీ ఆ పైసలు మీకెక్కడివి అని మిమ్మల్నీ అడుగుతరు. అమ్మ బంగారం కుదువ పెట్టిన రశీదు ఉన్నదన్నరు కదా, మీరు కన్నీళ్లతో రాసిన ఆ ముక్కకు కేసులో ఉన్న విలువ అదే, రశీదు తీసి పెట్టండి.

మీరు పంపిన ఫొటోలో రెండో పేజీ కింద "నేటి రోజున ఖాళీ స్వాధీనం అప్పగించితిమి" అని ఉన్నది. స్వాధీనం ఇచ్చిన్రా అంటే లేదంటున్నరు. మరి ఎందుకు రాయించిన్రు? స్వాధీనం ఇచ్చినట్టు రాసిన అగ్రిమెంట్‌కు మన దగ్గర సేల్ డీడ్‌కు కట్టినట్టే స్టాంప్ డ్యూటీ కట్టాలె, వంద రూపాయల పేపర్ చాలదు. కోర్టులో దాన్ని సాక్ష్యంగా నంబర్ వేసే మార్కింగ్ దగ్గరే అబ్జెక్షన్ వస్తది, డ్యూటీతో పాటు పది రెట్ల దాకా పెనాల్టీ. దీనికి మార్గం ఉన్నది, ఒరిజినల్‌ను కోర్టు ద్వారా డిస్ట్రిక్ట్ రిజిస్ట్రార్‌కు పంపించమని అడిగితే పెనాల్టీ తగ్గించే అధికారం అక్కడ ఉంటది. రిజిస్టర్ కాని అగ్రిమెంట్ అని మాత్రం భయపడకండి, స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావాలో, అంటే అగ్రిమెంట్ ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమని అడిగే దావాలో, దాన్ని సాక్ష్యంగా తీసుకుంటరు.

ఇగ మీ ప్రాజెక్టు. కోర్టు క్యాంటీన్‌లో కూడా రోజుకొక మాట వినబడుతున్నది. ఎల్‌ఎండీ (లోయర్ మానేరు డ్యామ్) కింద మానేరు రివర్ ఫ్రంట్ పనులు, 2023లో తెరిచిన కేబుల్ బ్రిడ్జి కండ్ల ముందర ఉన్నయి కాబట్టి పక్కన ఎవడు తాడు పట్టుకొని కొలిచినా జనం కథలు అల్లుతరు. నిజంగా పెద్దది వస్తే కాగితం వస్తది. గవర్నమెంట్ తీసుకునేదైతే 2013 భూసేకరణ చట్టం 11 సెక్షన్ నోటిఫికేషన్ గెజిట్‌లో, పేపర్లలో వస్తది, ప్రైవేట్‌ది అయితే మున్సిపల్ కార్పొరేషన్ దగ్గర పర్మిషన్ ఫైలు, ప్లాట్లు ఫ్లాట్లు అమ్మేది అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉండాలె. ఇవేవీ లేనప్పుడు డ్రోన్ ఎగిరింది అనేది సాక్ష్యం కాదు. నాకెంత వస్తది అని అడిగిన్రు. ఇప్పటికైతే ఏమీ రాదు. అమ్మకం అగ్రిమెంట్‌తో ఆస్తి మీద హక్కు పుట్టదు, ఆస్తి బదిలీ చట్టం 54 సెక్షన్ ఆ మాట సూటిగా చెప్తది, పరిహారం రికార్డులో ఓనర్ ఎవరో ఆయన పేరు మీదనే లెక్క కడతరు, మీరు ఆయన నుంచి మీ అడ్వాన్స్ అడుక్కోవాలె. ఆ లెక్క కూడా రిజిస్ట్రేషన్ విలువ, గత మూడేండ్ల సేల్ డీడ్లు చూసి కడతరు, చాయ్ హోటల్‌లో చెప్పుకునే 40 వేలు చూసి కాదు. 11 నోటిఫికేషన్ పడ్డంక ఆ భూమి అమ్మకాలు కూడా ఆగిపోతయి.

ఒక మాట మీరు అడగలేదు, కానీ నేను అడుగుతా. ఆ జాగ నది హద్దుకు ఎంత దూరం? 2012 బిల్డింగ్ రూల్స్, జీవో 168 ప్రకారం కార్పొరేషన్ లోపల నది హద్దు నుంచి 50 మీటర్ల దాకా కట్టడం కుదరదు. అమ్మినాయన సర్వే చేయించకుండ ఏండ్ల తరబడి దాటేస్తున్నడంటే దానికి కారణం కరోనానే అని మీరెందుకు నమ్ముతున్నరు? ముందు ప్రైవేట్ సర్వేయర్‌ను పట్టుకొని, గ్రామ నక్షా ముందర పెట్టుకొని కొలిపించండి. జాగలో ఎక్కువ భాగం ఆ 50 మీటర్లలో పోతే మీ దావా రూపమే మార్చాలె, అప్పుడు రిజిస్ట్రేషన్ కన్నా అడ్వాన్స్ వడ్డీతో వాపసు, ఆ జాగ మీదనే చార్జ్ (ఆ పైసలకు జాగనే పూచీ) అడగడం మంచిది. ఆస్తి బదిలీ చట్టం 55(6)(బి) కింద కొనేవాడు కట్టిన పైసలకు ఆ ఆస్తి మీద చార్జ్ ఉంటది.

కొలత బాగుంటే నోటీసు ఇచ్చి పదిహేను రోజులు ఆగండి, అంతకన్నా ఎక్కువ వద్దు. దావాలో రిజిస్ట్రేషన్ చేయించమని అడుగుతూనే, అది కాకపోతే అడ్వాన్స్ వాపసు అని కూడా తప్పకుండ రాయించండి, అడగకపోతే కోర్టు దానంతట అది ఇయ్యదు, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 22 సెక్షన్ అది. కోర్టు ఫీజు అడ్వాన్స్ మీద కాదు, మొత్తం 43,56,000 మీద, కాబట్టి ఆ పైసలు ఇప్పటి నుంచే సర్దుకోండి. దావాతో పాటే వేరేవాళ్లకు అమ్మకుండ ఇంజంక్షన్ పిటిషన్ వేయాలె, ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే సర్టిఫికెట్) తీసి ఇప్పటికే ఎవరికైనా రిజిస్టర్ చేసిండేమో చూడాలె, చేసి ఉంటే ఆ కొన్నవాళ్లను కూడా పార్టీ చేయాలె. నాకు మీ అగ్రిమెంట్ సంగతి తెల్వదు అని రేపు కొన్నోడు తప్పించుకోకుండ రెండు తెలుగు పేపర్లలో మీ అగ్రిమెంట్ గురించి ప్రకటన ఇప్పించండి, దాని కటింగ్ దాచిపెట్టండి. ఊరికే సబ్ రిజిస్ట్రార్‌కు అర్జీ ఇచ్చి వస్తే కోర్టు ఆర్డర్ లేనిదే ఆయన రిజిస్ట్రేషన్ ఆపడు.

ఒరిజినల్ అగ్రిమెంట్, 7 లక్షలు పోయిన బ్యాంకు స్టేట్‌మెంట్, కుదువ రశీదు, కొత్త ఫోన్, సర్వేయర్ కొలత, ఇవి పట్టుకొని కరీంనగర్‌లో సివిల్ చూసే వకీలును ఎవరినైనా కలవండి. ఆర్‌టీఐ జవాబు రాకపోయినా సరే దాని కోసం ఆగకండి, జూన్ లోపల దావా ఫైల్ కావాలె. జులైలో పోతే రిటర్న్ అయిన కాగితాలు సరిచేసి మళ్లీ వేసేసరికి ఆగస్టు వచ్చేస్తది.