కాలేయంలో గడ్డకు వేడి చికిత్స: పందులపై పరీక్షలు ఏం చెప్పాయి?

ప్రశ్న: మా మామగారి కాలేయంలో మూడు సెంటీమీటర్లలోపు క్యాన్సర్ గడ్డ ఉంది. సూది దింపి వేడితో కాల్చవచ్చని విశాఖపట్నంలో డాక్టరుగారు చెప్పారు. ఈ పద్ధతిని మొదట పందులపై పరీక్షించారని తెలిసి ఇంట్లోవాళ్లు వెనకాడుతున్నారు. వేడితోనే తగ్గేదైతే ఊళ్లోనే వాతలు పెట్టిస్తే సరిపోతుందని పెద్దలు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, వాతలు మాత్రం దయచేసి పెట్టించకండి. చర్మంపై పెట్టిన వేడిని రక్తం ఎప్పటికప్పుడు మోసుకుపోతుంది గనుక అది కాలేయం దాకా చేరదు. పైగా కాలేయ జబ్బు ఉన్నవారికి కాలిన పుండు చీము పడితే ప్రాణం మీదికి వస్తుంది.

పందులపై పరీక్షించవలసి వచ్చింది కూడా ఈ రక్తప్రవాహం వల్లనే. కబేళా నుంచి తెచ్చిన కాలేయంలో సూది ఎంతమేర కాలుస్తుందో కొలవడం తేలికే గాని, అందులో రక్తం పారదు. పంది కాలేయం పరిమాణంలోనూ రక్తనాళాల లావులోనూ మనిషి కాలేయానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి, 1990ల తొలినాళ్లలో ఇటలీ, అమెరికా పరిశోధకులు వేర్వేరుగా దానిలో రేడియో తరంగాల విద్యుత్తుతో ఈ ప్రయోగం చేశారు. ఇలాంటి పరీక్షల్లో మత్తిచ్చిన పందికి సూది దింపి, తరువాత కాలేయాన్ని పలకలుగా కోసి చూస్తే, నడుమ కాలి చచ్చి పాలిపోయిన గుండ్రని భాగం, దాని చుట్టూ ఎర్రని అంచు కనబడతాయి. పక్కన సుమారు 3 మిల్లీమీటర్లకు మించిన రక్తనాళం ఉంటే మాత్రం ఆ గుండ్రం అక్కడ లోపలికి నొక్కుకుపోయి, నాళాన్ని ఆనుకొని బతికిన కణాల పొర మిగిలిపోతుంది. కాలేయానికి రక్తాన్ని కాసేపు ఆపి కాలిస్తే ఆ మేర పెద్దదైంది. చికిత్స తరువాత గడ్డ మళ్లీ పెరగడానికి ఇలా మిగిలిన పొర ఒక ముఖ్య కారణం. నా దృష్టిలో ఈ పరీక్షలు నేర్పిన అతి విలువైన సంగతి ఇదే.

వేడి ఎంత ఉండాలన్నదీ ముఖ్యమే. 43 డిగ్రీల సెల్సియస్ వద్ద కణాలు చావడానికి గంట పడుతుందనుకుంటే, 44 వద్ద అరగంట చాలు. 60 దాటితే దాదాపు వెంటనే చస్తాయి. అయితే 100 దాటితే సూది చుట్టూ కణజాలం బొగ్గై, విద్యుత్తు ముందుకు సాగదు.

ఇంట్లోవాళ్ల సందేహంలోనూ న్యాయముంది. ఆ పందులు ఆరోగ్యమైనవి. వాటికి క్యాన్సర్ గడ్డగానీ, కాలేయం గట్టిపడే సిర్రోసిస్‌గానీ లేవు. అందుకే కుందేళ్ల కాలేయంలో గడ్డ పెంచి కూడా పరీక్షించారు, ఆపైన రోగులను ఏళ్ల తరబడి గమనించారు. ఆపరేషన్‌కు వీలుకాని చిన్న గడ్డలకు ఇది ఇప్పుడు ప్రపంచమంతటా అమలులో ఉన్న చికిత్స.

ఈసారి విశాఖ వెళ్లేటప్పుడు పాత స్కాన్ ఫిల్ములన్నీ పట్టుకెళ్లి, గడ్డ పెద్ద రక్తనాళానికి, పిత్తాశయానికి, పేగుకు ఎంత దూరంలో ఉందో అడగండి. నాళానికి ఆనుకొని ఉంటే, రక్తప్రవాహం వల్ల తక్కువ నష్టపోయే మైక్రోవేవ్ పద్ధతి కుదురుతుందేమో కనుక్కోండి. చికిత్స అయిన నెలకు తీయించే సీటీ స్కాన్‌ను, మామగారు ఎంత కులాసాగా ఉన్నా, మానవద్దు.