నడుము బెల్టు కొనమంటున్నారు, కొనమంటారా?

ప్రశ్న: మావారు గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. వయసు 42. సీజన్ మొదలైన దగ్గర్నుంచీ నడుం నొప్పి. లారీ లోడింగు ఉన్న రోజు రాత్రి పక్క మీద ఒత్తిగిల్లలేకపోతున్నారు. తోటివాళ్లు బెల్టు పెట్టుకోమంటున్నారు. పని మానితే ఇల్లు గడవదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, బెల్టుకి పెట్టే డబ్బులు ఉంచుకోండి. అది పెట్టుకుంటే నడుం దెబ్బతినదని ఇంతవరకూ రుజువు కాలేదు. పైగా ధైర్యం వచ్చి ఇంకో టిక్కీ (మిర్చి బస్తా) ఎక్కువ మోస్తారు. అదే నా భయం.

ఫిజియోథెరపీకి నా దగ్గరికొచ్చే యార్డు వాళ్లని ఎత్తి చూపించమంటాను. అందరూ ఒకేలా చూపిస్తారు: మోకాళ్లు వంచరు, నడుం దగ్గర వంగి కొక్కెం గుచ్చుతారు, ఒక్క గుంజు గుంజి, పాదాలు కదపకుండానే పక్కకి తిరిగి నెట్టు (పేర్చిన బస్తాల వరస) మీదకి తోస్తారు. వంగడం, బరువు, మెలి మూడూ ఒక్క క్షణంలో పడతాయి. వెన్నుపూసల మధ్య డిస్కు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే. టిక్కీ వీపు మీద కుదురుగా కూర్చున్నాక నడిచే నడక అంత చెరుపు చేయదు.

అమెరికాలో పనివాళ్ల భద్రత మీద పరిశోధన చేసే నియోష్ అనే సంస్థ 1991లో సవరించిన లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నా ఒక మనిషి రెండు చేతులతో ఎత్తదగ్గది 23 కిలోలు. మన టిక్కీ 40 కిలోల పైమాటే. కాబట్టి నేల మీది టిక్కీని ఒంటరిగా ఎత్తనే వద్దు. ఇద్దరు లేపి మూడోవాడి వీపు మీదకి అందించాలి. కాటా మీది టిక్కీని కింద పడేసి మళ్లీ ఎత్తే బదులు అక్కడి నుంచే వీపుకి ఎక్కించుకోవాలి. తిరగాలంటే ముందు పాదం తిరగాలి. పొద్దున నిద్ర లేచిన తొలి గంటలో డిస్కులు నీరు పట్టి బిగువుగా ఉంటాయి, అప్పుడు బాగా వంగే పని పెట్టుకోకూడదు.

ఇదంతా ఆయనొక్కరి వల్ల అయ్యేది కాదు. ముఠా మేస్త్రితో మాట్లాడమనండి, కుదరకపోతే మీరే మాట్లాడండి.

నొప్పి ఎక్కువైతే ఒకటి రెండు రోజులు బరువులు ఆపాలి, అంతేగాని మంచం పట్టకూడదు. మెల్లగా నడుస్తూ ఉండాలి. కాలు పట్టు తప్పినా, మర్మాంగాల దగ్గర తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) తీసుకెళ్లండి.